ఉండే ఉంటాడు

డంగానన్‌లో గురువారం సాయంత్రం,
లైబ్రరీ మేడమీద గది.
కోళ్ల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చిన కోట్లు
కుర్చీల వీపుల మీంచి ఇంకా వాన కారుస్తున్నాయి.
బ్రోనా టీచర్ బోర్డు మీద ఒక్క మాట రాసి
కింద రెండు గీతలు కొట్టింది:
మస్ట్.

చూడనిదాన్ని చూసినంత గట్టిగా చెప్పాలంటే
ఇది వాడాలంది.
గొడుగు తడిసింది, ఇట్ మస్ట్ బి రెయినింగ్.
దీపం వెలుగుతోంది, షీ మస్ట్ బి హోమ్.

డొమింగస్ చెయ్యెత్తింది.
పోయిన వారం ఇదే మాట హుకుం అన్నారు కదా,
గ్లవ్స్ తొడుక్కోవాలి, గేటు దగ్గర కార్డు చూపించాలి అని.
ఇవాళ ఊహకీ ఇదేనా?
ఆవిడ ఇంట్లో ఉండి తీరాలని
ఎవరు ఆర్డరేశారు?

మార్కరు మూత ఊడింది, మళ్లీ పడింది.
మంచి ప్రశ్న, అంది టీచర్.
మంచి ప్రశ్న అంటే జవాబు లేదని
ఆ గదిలో అందరూ ఎప్పుడో నేర్చుకున్నారు.

సరే, ఉదాహరణ కావాలి.
కిటికీ పక్క కుర్చీ ఖాళీ.
అగపీతో రాలేదు.
పాఠానికి మనిషి దొరికాడు.

హీ మస్ట్ బి స్లీపింగ్, అన్నాడు వైదాస్,
పదకొండు రాత్రులుగా కన్నంటుకోని వైదాస్.
గర్ల్‌ఫ్రెండ్ దగ్గర ఉండే ఉంటాడు, అంది స్టోయాంక,
ఉంగరం తీసేసిన వేలి మీది తెల్లటి గీతని రుద్దుకుంటూ.
ఓవర్‌టైమంతా వాడిదే, మస్ట్ బి రిచ్,
అప్పుల్లో ఉన్న వెనక బెంచీ కుర్రాడు.
డొమింగస్ కాస్త ఆలోచించి,
ఒక్కో మాటా నేల మీద పెట్టి నడిపించినట్టు,
హీ మస్ట్ బి సెండింగ్ మనీ టు హిజ్ మదర్.

వెరీ గుడ్, వెరీ గుడ్.
టీచర్ క్రియలు దిద్దింది, మనిషిని కాదు.
ఇస్త్రీ చేసిన చొక్కాల్లా వాక్యాలు,
మడత నలగనివి,
ఒక్కటీ అతనికి పట్టనివి.

తలుపుకి అవతల, నడవాలో,
రేడియేటర్ మీద టోపీ ఆరబెట్టుకుంటూ
అగపీతో నిలబడి పావుగంటయింది.
పిడి మీద చెయ్యి వేసేసరికి
లోపల తన పేరు వినబడింది.
లోపల ఎవడో హాయిగా నిద్రపోతున్నాడు,
ప్రేమిస్తున్నాడు, నోట్లు లెక్కపెట్టుకుంటున్నాడు.
వాడి మీద కాస్త అసూయ కూడా వేసింది.
అమ్మ మాట వచ్చాక
టోపీ ఇంకా తడిగానే ఉన్నా తలకి పెట్టేసుకున్నాడు.

అమ్మ మార్చిలో పోయింది.
ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.
క్లాసులో భూతకాలం చెప్పిన వారం
అతను నైట్ షిఫ్టులో ఉన్నాడు.

తలుపు తీశాడు.
ఐ యామ్ హియర్, అన్నాడు.
మస్ట్ లేని వాక్యం,
ఎదురుగా ఉన్నవాడికి ఎందుకది.
గది ఘొల్లుమంది, నవ్వులు.
హాజరు పట్టీలో సున్నా టిక్కయింది.

తొమ్మిదికి బస్సు షెల్టర్లో ఇద్దరే మిగిలారు.
గాలికి అతని జిప్పు జారింది.
చొక్కా మీద, జేబుకి కొంచెం పైన,
పిన్నీసు పెట్టిన నల్లగుడ్డ ముక్క, గోరంత.
ఏడాది పెట్టుకోవాల్సింది. వాళ్ల దీవిలో
చిన్నపిల్లలకైనా తెలుసు అదేమిటో.

డొమింగస్ చూసింది.
టెటుంలో అడగొచ్చు, ఎవరు, ఎప్పుడు అని.
ఆ భాషలో అడిగితే
అతను జవాబు చెప్పాల్సి వస్తుంది.
సంచిలోంచి పొట్లం తీసింది,
కొబ్బరిపాలతో వండిన అన్నం,
తాటాకు దొరక్క వెండికాగితంలో చుట్టినది,
ఇంకా వెచ్చగా ఉంది.
అతని ఒళ్లో పెట్టి, రోడ్డు వైపు చూస్తూ,
సాయంత్రం నేర్చుకున్న ఇంగ్లీషులోనే అంది:
యూ మస్ట్ బి హంగ్రీ.

అతను కాగితం విప్పాడు.
అది ఊహో, హుకుమో,
అడగలేదు.